పెద్దక్క లేకుండా పెళ్లిబండి

నేను గుర్రాలకు నాడాలు కొట్టేవాణ్ణి, ఎన్నో శాలలు చూశాను. మా వదిన శాలలో ఉన్నంత శుభ్రమైన నేల, అంత నిమ్మళంగా నిలబడే గుర్రాలు ఇంకెక్కడా కనిపించలేదు. ఆమె గుర్రబళ్లు అద్దెకు తిప్పుతుంది. అన్నిటికన్నా వయసైన ఆడగుర్రాన్ని ఇంటిల్లిపాదీ పెద్దక్క అంటారు. కూతురి పెళ్లిబండి పెద్దక్కే లాగాలని వదిన కోరిక.

కొత్త గుర్రం వస్తే ముందు పెద్దక్క బకెట్లోనే నీళ్లు తాగించడం ఆమెకు అలవాటు. అలా చేస్తే ఇక పోట్లాడుకోవని నమ్మకం. పెళ్లికి ముందు వచ్చిన గోధుమరంగు గుర్రానికి ముక్కు కారుతోంది. దారిలో దుమ్ము పట్టిందేమో అనుకుని దానికీ అలాగే తాగించింది.

కొద్దిరోజులకే పెద్దక్క దాణా ముట్టడం మానేసింది. ఒళ్లు కాలిపోతోంది, పొడిదగ్గు, తల వేలాడేసింది. పశువుల డాక్టరమ్మ వచ్చి, ముక్కులోంచి నమూనా తీసి పరీక్షకు పంపి, గుర్రాల ఫ్లూ అని తేల్చింది. ఆ ఏడు టీకా పెళ్లి పనుల్లో పడి వాయిదా పడింది. జ్వరానికి మందిచ్చింది గానీ అసలు మందు విశ్రాంతేనంది. దగ్గు తగ్గాక కూడా వారాల తరబడి బండి కట్టకూడదు, కడితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. తను చెప్పేదాకా ఏ గుర్రమూ గేటు దాటకూడదు, బయటిది లోపలికి రాకూడదు.

వదిన వెంటనే పనిలోకి దిగింది. ఒక్కో గుర్రానికీ ఒక్కో బకెట్ పెట్టి రంగులతో గుర్తులు వేసింది. దుమ్ము లేవకుండా ఎండుగడ్డి తడిపి వేసింది. బాగున్న గుర్రాల పని ముందు చూసుకుని, జబ్బుపడ్డ వాటి దగ్గరికి చివర్న వెళ్లేది. రాగానే బట్టలు మార్చుకునేది. నా సుత్తి, పట్టకారు కడిగితేగానీ లోపలికి రానివ్వలేదు. పనిలో పనిగా నన్ను మొహం కూడా కడుక్కోమంది, జబ్బు కోసం కాదట, చూసేవాళ్ల కోసమట.

పెళ్లి దగ్గరపడేసరికి పెద్దక్క జ్వరం పోయింది, దాణా తింటోంది, దగ్గూ ఆగింది. పక్క వీధికేగా, మెల్లగా నడిపిద్దామని అన్నయ్య నసగడం మొదలుపెట్టాడు. వదిన పెద్దక్కను ఆవరణలో కాసేపు నడిపించి, పక్కటెముకలకు చెవి ఆనించి విన్నది. తర్వాత కూతురి దగ్గరికి వెళ్లింది.

"నీ పెళ్లికి అది రాదమ్మా, ఇంకో గుర్రమూ గేటు దాటడానికి లేదు. ఊపిరి ఇంకా బరువుగానే తీస్తోంది. తప్పు నాదే, ఆ నీళ్లు నేనే తాగించాను."

"అది కోలుకుంటే చాలమ్మా. బండి ఉందిగా, లాగేవాళ్లు కావాలంతే," అని కూతురు తండ్రి వైపు చూసింది.

పెళ్లినాడు బండి కర్రల మధ్య అన్నయ్యా నేనూ నిలబడ్డాం. పెళ్లికొడుకు తమ్ముళ్లు వెనక నుంచి నెట్టారు. పెళ్లికూతురు నవ్వలేక కడుపు పట్టుకుంది. ఇళ్లలోని వాళ్లంతా గుమ్మాల్లోకి వచ్చేశారు. వీధి మలుపు దగ్గర అన్నయ్యకు ఆయాసమొచ్చి ఆగాడు. పక్కనే నడుస్తున్న వదిన ఆయన మెడ నిమిరి, వీపుకు చెవి ఆనించింది.

"ఈయనకేం ఫర్వాలేదు," అంది అందరికీ వినబడేలా. "పోనివ్వండి."