సైరాకాన్‌కు దొరికిన వేసవి

నారిన్ నదికి ఎగువనున్న మా ఊళ్ళో సగం మంది సైరాకాన్ చేతుల్లోనే పుట్టారు. చిన్న ఆసుపత్రిలో పురుళ్ళు పోసే నర్సు ఆమె. పింఛను వయసు దాటి చాలా ఏళ్ళయినా పని మానలేదు. మానాలని లేక కాదు. పట్నం నుంచి వచ్చిన ఏ నర్సయినా ఇక్కడి చలికాలాన్ని రెండోసారి చూడకుండానే వెళ్ళిపోయేది.

భర్త ఇస్మనాలి గుర్రాల కాపరి. మంచు కరగగానే మందతో కొండమీది పచ్చికబయలుకు వెళ్ళి, మళ్ళీ చలిగాలులు మొదలయ్యాకే దిగేవాడు. కొత్త పెళ్ళికూతురిగా ఒకే ఒక్క వేసవి ఆమె అతనితో అక్కడ గడిపింది. గుర్రపు పాలు పులిసే వాసన, ఆడగుర్రాలను పిలిచే అతని గొంతు ఆమె మనసులోంచి పోలేదు. పని మానగానే వచ్చేస్తాను, నాకో ఉన్ని గుడారం సిద్ధం చేయండని ప్రతి వసంతంలోనూ అనేది.

"నీ గుడారానికి ఉన్నిచ్చే గొర్రె ఇంకా పుట్టలేదులే ముసలీ," అని నవ్వి అతను గుర్రమెక్కేవాడు.

కిందటేడు ఐజిరెక్ అనే కొత్త నర్సు వచ్చింది. ఈ లోయ పిల్లే, చలికి బెదరలేదు. వసంతంలో ఒక కవలల కాన్పు తానొక్కతే చేసింది. గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి చూసిన సైరాకాన్ ఆ సాయంత్రమే మూట కట్టుకుంది.

పైకి వెళ్తే తెల్లటి కొత్త గుడారం వేసి ఉంది. ఏటేటా కాస్త కాస్త ఉన్ని దాస్తూ వచ్చాడట ఆ ముసలాయన.

కొన్నాళ్ళు హాయిగా గడిచింది. తర్వాత దూరంగా గుర్రపు డెక్కల చప్పుడు వినిపిస్తే చాలు, లేచి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. వచ్చినవాళ్ళు గుర్రపు పాలు తాగి వెళ్ళిపోయేవాళ్ళు. ఊరి పొగ కనబడే బండ మీద ఆమె గంటల తరబడి కూర్చునేది.

ఒకరోజు ఇస్మనాలి వచ్చి పక్కన కూర్చున్నాడు. "దిగిపోవాలనుందా?"

"ఊళ్ళో బెగిమాయ్‌కి నెలలు నిండాయి. తొలికాన్పు."

"ఐజిరెక్ ఉందిగా."

"ఉంది. అందుకే ఎవరూ రావట్లేదు."

"ఇన్నేళ్ళూ నేనూ ఈ బండ మీదే కూర్చుని ఆ పొగే చూశాను," అన్నాడతను. "కిందికి నువ్వు రమ్మంటే వచ్చేసేవాణ్ణేమో. నువ్వు పిలవలేదు."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. ఊరికి దిగలేదు.

బెగిమాయ్‌కి ఆడపిల్ల పుట్టిందని, ఇద్దరూ క్షేమమని వారం తర్వాత ఒక రౌతు చెప్పాడు. మంచిదంది సైరాకాన్. గుడారం వెనక్కి వెళ్ళి, కాసేపటికి ముఖం కడుక్కుని వచ్చి, ఆ రౌతుకు రొట్టె పెట్టింది.

మందతో పాటే ఊరికి దిగింది. చలికాలం సాయంగా రమ్మని ఐజిరెక్ అడిగితే ఒప్పుకుంది.

"గడ్డి మొలిచాక మాత్రం నా మీద ఆశ పెట్టుకోకమ్మా," అంది.