కొత్త మిరపకాయల వేళ పోయిన మా కోడలు

గుంటూరు, ఫాల్గుణ మాసం, ఆదివారం ఉదయం.

మా కోడలు బ్లడ్ క్యాన్సర్‌తో పోయింది. నిన్న పెద్దకర్మ. భోజనాల దగ్గర ఒకావిడ పక్కావిడకి చెబుతున్నట్టుగా, పందిరంతా వినపడేలా అంది: "తోడబుట్టినవాడే చంపుకున్నాడమ్మా, ఆ మిరపకాయల బస్తా తెచ్చి." పప్పు వడ్డిస్తున్న మా కోడలి అన్నగారు గిన్నె కింద పెట్టి, చెయ్యి కూడా కడుక్కోకుండా బస్టాండుకి వెళ్ళిపోయాడు. ఫోను తియ్యడం లేదు. ఆ మాట మీ ఊళ్ళకి చేరేలోగా, జరిగింది జరిగినట్టు బంధువులందరికీ నేనే రాస్తున్నాను.

ఆమె అద్దంకి దగ్గర మిరప రైతుల బిడ్డ. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. వంటింట్లో డబ్బా మూత వంకరగా ఉన్నా ఊరుకోను. ఆమె కావాలనే వంకరగా పెట్టేది. "మీకు తిట్టడానికి రోజూ ఏదో ఒకటి ఉండాలత్తయ్యా, లేకపోతే మీ బీపీ నేను చూడలేను" అనేది. నా కోపానికి ఎదురు నిలబడి నవ్విన మనిషి ఈ ఇంట్లో ఆమె ఒక్కతే. ఎంత కష్టం వచ్చినా మా అబ్బాయికీ, మనవరాలికీ, నాకూ ముందు కంచాలు పెట్టేది. "తినేసి ఏడుద్దాం, ఖాళీ కడుపుతో ఏడిస్తే గ్యాస్ వస్తుంది" అనేది.

ఇంట్లో కూర్చుని మంగళగిరి చీరలకి ఫాల్స్ కుట్టేది. మొన్నటి వానాకాలం చివర్లో సూది గుచ్చుకుని, వేలి నెత్తురు ఎంతకీ ఆగలేదు. ఎవరిదో మీగడరంగు చీర మీద మరకలు పడ్డాయి. ఆమె ఆ చీర గురించే బాధపడింది. తర్వాత పళ్ళు తోముకుంటే చిగుళ్ళలోంచి రక్తం. మోచేతుల మీద ఎవరో కొట్టినట్టు కమిలిన మచ్చలు. ఆపైన జ్వరం.

వీధి చివరి డాక్టరు రక్తం చూసి, ప్లేట్‌లెట్లు పడిపోయాయి, డెంగ్యూ కావచ్చన్నాడు. ఆ రోజుల్లో వీధికి నలుగురికి డెంగ్యూ. ఇంకేం, ఊరందరూ వైద్యులే. బొప్పాయి ఆకుల పసరు గ్లాసుల్లో వచ్చింది. "చేదుగా ఉందత్తయ్యా, మీ పక్కింటావిడ ప్రేమలాగా" అంటూనే తాగింది. మచ్చలు తొడల దాకా పాకాయి.

పెద్ద ల్యాబులో ఒక డాక్టరమ్మ ఆ రక్తాన్ని స్లైడు అనే అద్దం పలక మీద పరిచి, మైక్రోస్కోపులో చూసి, మమ్మల్ని లోపలికి పిలిచింది. తర్వాత నడుము వెనక ఎముకలోంచి మూలుగ తీసి పరీక్షకి పంపారు. ఎక్యూట్ మైలాయిడ్ లుకేమియా. మూలుగలో పుట్టే కణాలు ముదరకుండా పిందెలుగానే రక్తంలోకి వచ్చేసి, మంచి కణాలకి చోటు లేకుండా చేస్తాయట. డాక్టరు చెబుతుంటే మా అబ్బాయి రిపోర్టు మళ్ళీ మళ్ళీ చదువుకుంటున్నాడు. ఆమె మాత్రం, "తెగులు పట్టిన చేను, మొత్తం పీకేసి మళ్ళీ వెయ్యాలంటున్నారు, అంతేగా?" అంది. డాక్టరు అంతేనన్నాడు.

పీకడం మొదలైంది. వారమంతా ఆగకుండా ఎక్కే ఒక మందు, మొదటి మూడు రోజులు దానితోపాటు ఎర్రటి మందు. "ఇక్కడ కూడా మన గుంటూరు కారమే ఎక్కిస్తున్నారు" అంది. ఆ తర్వాత జోకులు ఆగిపోయాయి. నోరంతా పుళ్ళు. కారం లేనిదే ముద్ద దిగని పిల్లకి పెరుగన్నం నిప్పులా మండింది. జుట్టు దిండుకే అంటుకుపోయింది. ముఖం ఎరగని పిల్లలు కాలేజీల నుంచి వచ్చి ప్లేట్‌లెట్లు ఇచ్చి వెళ్ళారు. వాళ్ళకి నా నమస్కారం.

మళ్ళీ మూలుగ తీసి చూస్తే పిందెలు దాదాపు లేవు. కానీ ఇది తిరగబెట్టే జబ్బు. ఇంకోసారి కీమో ఇచ్చి, ఆపైన మూలుగ మార్పిడి చెయ్యాలన్నారు. పరీక్షలు చేస్తే అన్నగారి మూలుగ పూర్తిగా సరిపోయింది. "చిన్నప్పుడు నా బలపాలన్నీ తినేశావు, ఇప్పుడు మూలుగ కూడానా?" అన్నాడాయన. "ఎముకలు నీకే ఉంచుతాలే ఒరేయ్ అన్నయ్యా" అందామె. మేమంతా ఆ మార్పిడి కోసమే బతుకుతూ వచ్చాం.

రెండో కీమో తర్వాత ఇంటికి పంపారు. తెల్లకణాలు అడుగంటే రోజులవి. గుంపు వద్దు, పువ్వులు వద్దు, కుండీలు వద్దు, పచ్చిపళ్ళు వద్దు. చెప్పినవన్నీ పాటించాను. తులసికోటని కూడా మేడ మీదకి చేర్పించాను. పలకరింపుకి వచ్చిన మీలో ఎందరినో గేటు దగ్గరే నిలబెట్టాను. "రోగిని చూడనివ్వని రాక్షసి అత్త" అన్నారు. విన్నాను.

అప్పుడే మిరప మొదటి కోతలు. ఏటా మా ఇంటి కారానికి కాయలు ఆమె పుట్టింటి నుంచే రావాలి. ఫోన్లో అన్నని సాధించింది. "కొన్న కాయలతో కారం కొట్టిస్తే నీకు చెల్లెలు లేదనుకో." ఆయన బస్తా తెచ్చాడు. వరండాలో స్నానం చేసి, బట్టలు మార్చి, మాస్కు పెట్టుకుని గడప బయటే కూర్చున్నాడు. అన్ని నియమాలూ పాటించాడు. మిరపకాయ గురించి ఎవరూ ఏ నియమమూ చెప్పలేదు. ఆ ఘాటుకి ఏ పురుగూ బతకదని ఈ నేల మీద పుట్టిన అందరి నమ్మకం, నాది కూడా. ఆమె బయటికి వచ్చి, బస్తా మూతి విప్పి, మాస్కు కిందికి లాగి, ఒక కాయని చెవి దగ్గర ఆడించింది. లోపల గింజలు గలగలమన్నాయి. రెండు చేతులూ బస్తాలో ముంచి వాసన చూసింది. "బాగా ఎండాయి" అంది. జబ్బు పడ్డాక ఆ ముఖంలో అంత సంతోషం నేను చూడలేదు.

వారం తిరక్కుండా జ్వరం. స్కానింగులో ఊపిరితిత్తుల నిండా మచ్చలు. బూజు అన్నారు. దుమ్ములో, ఎండబెట్టిన పంటల్లో, మామూలు గాలిలో కూడా ఉంటుందట. మనల్ని ఏమీ చెయ్యదు, తెల్లకణాలు లేనివాళ్ళని తినేస్తుంది.

అన్నగారు డాక్టరుని అడిగాడు: "నా కాయల వల్లేనాండి?"

"ఎక్కడ పట్టిందో చెప్పలేమండి."

"అంటే, నా కాయల వల్ల కాదని కూడా చెప్పలేరా?"

డాక్టరు తల దించుకుని, "చెప్పలేనండి" అన్నాడు.

మందులు మార్చారు. వెంటిలేటరు పెట్టారు. చివరి రోజుల్లో ఆమె మాట లేదు. ఆమెకి ఇవ్వాల్సిన మూలుగ ఐసీయూ బయట బెంచీ మీద కూర్చుని ఉంది.

నిన్న పందిట్లో ఆ మాట పడ్డప్పుడు, "కాయలు అడిగింది అదేనండీ" అని ఒక్క ముక్క అంటే ఆయన బయటపడేవాడు. చెల్లెలి మీదకి నెట్టలేక నోరు మూసుకుని వెళ్ళాడు. అందుకని నేను చెబుతున్నాను. ఆమే అడిగింది.

ఇక జరగవలసినవి:

1. ఆ మాట అన్నావిడ దాన్ని వెనక్కి తీసుకోవాలి. పేరు రాయను. ఆవిడకి తెలుసు.

2. జ్వరంతోపాటు చిగుళ్ళలో రక్తం, ఒంటి మీద కమిలిన మచ్చలు ఉంటే ఆకు పసర్లతో కాలం గడపకండి. రక్తాన్ని స్లైడు మీద చూడమని అడగండి.

3. ఇంట్లో కీమో మనిషి ఉంటే ఎండుమిరప, పసుపు, ధాన్యం బస్తాలు ఇంటి దాపుకి రానివ్వకండి. గేటు దగ్గర ఆపితే నొచ్చుకోకండి.

4. మా మనవరాలికి తల్లి లేదు, మేనమామ ఉండాలి. రేపు పొద్దున్నే నేనూ అదీ అద్దంకి బస్సెక్కుతాం.

5. ఆయన చేలో రెండో కోత మొదలవ్వాలి. కూలీలని ఇవాళ తెల్లారే వెనక్కి పంపేశాడని పక్క చేను రైతు ఫోన్ చేశాడు. ఆయన గట్టు మీద కూర్చుని చూస్తున్నాడట. ఇప్పటికే కోత ఆలస్యమై, ఎర్రగా పండిన కాయ చెట్టు మీదే ఎండకి ఒక్కొక్కటిగా తెల్లబడి, తాలు అవుతోందట.