లిఫ్టు కోసం నేనన్న ఇంగ్లీషు మాట

సికింద్రాబాద్‌లోని కార్ఖానా ప్రాంతంలో మేముండే అపార్ట్‌మెంట్‌లో, పనివాళ్లు లిఫ్టు ఎక్కకూడదని పోయినేడు బోర్డు పెట్టారు. మా పనిమనిషి యాదమ్మ మోకాళ్ల నొప్పులతో నాలుగంతస్తులూ ఎక్కి వచ్చేది. అసోసియేషన్ మీటింగులో అంతా ఇంగ్లీషే కనుక నేనెప్పుడూ నోరు విప్పలేదు. ఒకరోజు ఆ బోర్డు మాట వచ్చినప్పుడు మాత్రం ఉండబట్టలేక లేచి, టీవీ చర్చల్లో విన్న మాట అనేశాను. "దిస్ ఈజ్ డిప్లోరబుల్!"

అందరూ నావైపు తిరిగారు.

సెక్రటరీగారి తల్లి, "ఏమన్నదిరా ఆమె?" అని కొడుకును అడిగింది.

ఆయన నీళ్లు నమిలి, "సిగ్గుచేటు అంటున్నదమ్మా" అన్నాడు.

"మరి గాదా? నాకు మోకాళ్లు నొస్తయని లిఫ్టుల తెస్తివి. యాదమ్మకు నొయ్యవా?"

ఆ సాయంత్రమే బోర్డు తీసేశారు. మర్నాడు యాదమ్మ ఆయాసం లేకుండా వచ్చి తలుపు తట్టింది. అప్పట్నుంచీ మీటింగుల్లో నేను తెలుగులోనే మాట్లాడుతున్నాను. ఆ మాట తెలుగులోకి వచ్చాకే కదా గట్టిగా తగిలింది!