అక్క కంప్యూటర్‌కు ర్యామ్ కుదిరిన రోజు

మా చిన్నప్పుడు మా ఇంట్లో వినాయకుడు బొజ్జ దాకా వచ్చి ఆగిపోయేవాడు...

నవ్వకండి, నిజం! పుంగనూరులో మా ఇంటి ముందు గదిలో అక్క కంప్యూటర్ మీద పెళ్లికార్డులు తయారుచేయడం మొదలుపెట్టింది. మదనపల్లెలో మూతపడిన ఒక ట్రైనింగ్ సెంటర్ నుంచి నాన్న కొనిచ్చిన పాత కంప్యూటర్ అది. అక్షరాలు టైపు చేసినంతసేపూ బుద్ధిగా ఉండేది. కార్డు పైన వినాయకుడి బొమ్మ పెట్టగానే మొదలు... కిరీటం వచ్చేది, తొండం వచ్చేది, బొజ్జ సగం వచ్చేది... అంతే, బిగుసుకుపోయేది.

అమ్మ లెంపలు వేసుకునేది. "సగం సామిని అట్ల నిలబెట్టకండే... పాపం తగుల్తాది, ఆపేయండి!"

అక్కకు ఏడుపొక్కటే తక్కువ. మొట్టమొదటి ఆర్డర్ వచ్చి ఉంది... పలమనేరు వాళ్ల పెళ్లి. ఎరువుల అంగడి నడిపే మా నాన్న తేల్చి చెప్పేశాడు. "ఈ కార్డు కాకపోతే ఆ పెట్టెను అమ్మేస్తా. నువ్వు టీచర్ ట్రైనింగుకు పో." అక్కకేమో ఆ పెట్టె తప్ప వేరే ధ్యాస లేదు. రెండు ముద్దలు తిని కంచం పక్కకు నెట్టేసేది.

రోగం ఏమిటో అక్కకు తెలుసు. ర్యామ్, అంటే మెమరీ ముక్క, ఒక్కటి చాలడం లేదు, ఇంకొకటి వేయాలి. కుప్పంలో ఉండే మా మామ రైల్లో బెంగళూరు పోయి వస్తుండేవాడు కాబట్టి ఫోన్ చేసి తెమ్మంది. తెచ్చాడు కూడా... కొత్తది, తళతళలాడుతూ!

అక్క కంప్యూటర్ మూత విప్పింది. నేను లోపల చూడడం అదే మొదటిసారి. పచ్చటి పలక మీద వెంట్రుకంత సన్నని గీతలు... ఎన్నో! నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. ఊరందరికీ రైకలు కుట్టే మా అమ్మ అయితే బుగ్గన వేలేసుకుంది. "ఎవురు కుట్టినారే ఇంత సన్నంగా!"

మామ తెచ్చింది సందులో దిగలేదు. తిప్పి పెట్టినా దిగలేదు. మామ బొటనవేలితో అదమబోయాడు.

"ఆగు మామా! ఇరిగిపోతాది!" అక్క అరిచింది.

"కొత్తది గదా పాపా, బిగుతుగా ఉండాది. అంతే."

అక్క పాతదాన్ని ఊడదీసి రెండూ పక్కపక్కన పెట్టింది. "సూడు మామా... మనదానికి కింది అంచులో రెండు కోతలుండాయి. దీనికి ఒకటే ఉండాది. ఇది వేరే రకం."

మామ ముఖం మాడిపోయింది. అమ్మ మాత్రం కుట్టు మిషన్ దగ్గర నుంచే అందుకుంది. "ఆది లేకుండా తెమ్మంటే యాడ కుదురుతాదే? నా దగ్గరికి వచ్చేటోళ్లు ఆది రైక తెస్తారా లేదా? పాతదాన్ని ఎత్తుకోని పోండి!"

"అవును మా!" అని అక్క ఎగిరి గంతేసింది.

ఈలోపు నేను ఊరుకోవచ్చుగా... ర్యామ్ లేకుండా ఏమవుతుందోనని స్విచ్ నొక్కాను. తెర నల్లగానే ఉంది, లోపలి నుంచి మాత్రం కూత... ఆగి ఆగి ఒకటే కూత! "అయ్యో, దానికి నొప్పి పుడతాందేమో" అని అమ్మ. అక్క నా వీపు మీద ఒకటిచ్చింది.

పాత ర్యామ్‌ను కవర్లో పెట్టుకుని అక్కా నేనూ మదనపల్లె బస్సెక్కాం. అక్కడ కంప్యూటర్ల అంగడాయన తన దగ్గరున్న ఒకదాన్ని మాదానికి ఆనించి ట్యూబ్‌లైటు వెలుగులో ఎత్తి పట్టుకున్నాడు. రెండు కోతలూ సరిగ్గా కలిశాయి! అక్క నా చెయ్యి నలిపేసింది.

"కోతలు కుదిరినాయమ్మా. కానీ మీ బోర్డు పాతది... ఒప్పుకుంటాదో లేదో ఏసి సూడాల్సిందే" అన్నాడాయన.

ఇంటికి వచ్చాం. అక్క రెండింటినీ సందుల్లో నొక్కింది. టక్... టక్... దిగాయి. స్విచ్ వేసింది. నల్లటి తెర మీద పైన తెల్లటి అంకెలు పరుగెత్తడం మొదలుపెట్టాయి. మెమరీని లెక్కపెట్టుకుంటోంది. ఎప్పుడూ ఆగే అంకె వచ్చింది... దాటింది!

"పోతాండాది! పోతాండాది!" అని మామ కేక. అంకెలు పైకి, ఇంకా పైకి... ఆ తర్వాత ఎన్నెన్నో చూశాను, అంతటి అబ్బురం మాత్రం మళ్లీ కలగలేదు.

అక్క కార్డు తెరిచింది. కిరీటం... తొండం... బొజ్జ... ఎవరూ రెప్ప వేయలేదు... పాదాలు, పక్కన ఎలుకతో సహా! అమ్మ చేతులు జోడించింది.

అంగడి నుంచి వచ్చిన నాన్న గడప దగ్గరే నిలబడి చూస్తున్నాడు. ఎప్పుడూ చెప్పులతోనే ఆ గదిలోకి వచ్చే మనిషి, ఆ రోజు బయటే విప్పి లోపలికి వచ్చాడు.

"అచ్చయినంక నాకొక కార్డు ఇయ్యమ్మా. అంగట్లో తగిలిస్తా. ఎవురన్నా అడిగితే మా పాప సేస్తాదని సెప్తా."

అంతవరకూ బిగబట్టుకున్న అక్క అప్పుడు భోరుమంది...

ఇప్పుడు నా చేతిలో ఉన్న ఫోన్‌లో దానికి ఎన్నో వేల రెట్లు మెమరీ ఉంది. నెమ్మదిస్తే పక్కన పడేసి ఇంకొకటి కొంటున్నాం. లోపల ఏముందో చూసే పని లేదు... చూడడానికి చుట్టూ మూగే మనుషులూ లేరు.

మీ ఇంట్లో మొదటిసారి కంప్యూటర్ మూత తీసినప్పుడు పక్కన ఎవరెవరు నిలబడి ఉన్నారు? చెప్పండి... వాళ్లేమన్నారో కూడా వినాలని ఉంది.