సున్నా దగ్గరే ఆగిన స్కోరు

నేను బాన్సువాడలో డిగ్రీ రెండో ఏడు చదువుతున్నప్పటి మాట. కాలేజీ మైదానంలో ఊళ్ళ మధ్య అమ్మాయిల కబడ్డీ పోటీలు పెట్టారు. అప్పుడే జావాస్క్రిప్ట్ నేర్చుకుంటున్న ఉత్సాహంలో, స్కోరు చూపించే పేజీ నేనే చేస్తానన్నాను. లాప్‌టాప్‌ను పెద్ద టీవీకి తగిలించి దర్జాగా కూర్చున్నాను.

మొదటి ఆట మా నస్రుల్లాబాద్‌కీ వర్నికీ. మా కెప్టెన్ లావణ్య మొదటి కూతలోనే ఇద్దరిని అవుట్ చేసి వచ్చింది. బటన్ నొక్కాను. టీవీలో సున్నా. మళ్ళీ నొక్కాను. సున్నాయే!

"ఏంది చెల్లే, మనోళ్ళు పాయింట్లు తెస్తుంటే నీ టీవీ సున్నా కాడనే కూసున్నది?" అని మైకులో అడిగాడు వ్యాఖ్యానం చెబుతున్న మా రాజన్న. మైదానమంతా ఒకటే ఈలలు.

కోడ్ తెరిచాక తెలిసింది. ఊళ్ళ పేర్లు మారవు కదా అని వాటిని 'కాన్‌స్ట్'గా ప్రకటించాను. అదే ఊపులో స్కోరుకూ కాన్‌స్ట్ పెట్టేశాను. అలా పెడితే మొదట ఇచ్చిన విలువ ఇక మారదు. స్కోరు దగ్గర, మారే విలువలకు వాడే 'లెట్' అని మార్చి, పేజీ మళ్ళీ తెరిచి బటన్ నొక్కగానే అంకె కదిలింది. జరిగింది రాజన్నకు చెప్పాను. ఆయన అదీ మైకులో చాటేశాడు.

చివరి విజిల్ పడేసరికి ఒక్క పాయింటుతో మేమే గెలిచాం.

ఇప్పుడు ఉద్యోగంలో రోజూ 'కాన్‌స్ట్' అన్న మాట టైప్ చేస్తాను. చేసినప్పుడల్లా, ఆ రోజు గెలవగానే ఒళ్ళంతా మట్టితో నా దగ్గరికి ఉరికొచ్చిన లావణ్య కేక వినిపిస్తుంది.

"అక్కా, ఇగ ఇప్పుడు పెట్టు నీ కాన్‌స్ట్!"