పాతరలో దాచిన బొమ్మ

మా ఆయన నరసరావుపేటలో డేరా సినిమాకు ఆపరేటరు. జనం విరగబడి చూసే బొమ్మలు ఆయనకు ఆనవు. ఎక్కడా ఆడక మూలపడ్డ బొమ్మలంటే ప్రాణం. వెండి కోసం పాత రీళ్లు కరిగించేవాళ్ల చేతుల్లోంచి ఒకదాన్ని లాక్కొచ్చాడు. దాని కాపీ ఇంకెక్కడా లేదట.

డేరా ఖాళీగా ఉన్నరోజు నాకూ చూపించాడు. పాటల్లేవు, పట్టుచీరల్లేవు. రాతిక్వారీ కూలీలు, దుమ్ము, ఆకలి. చివర్లో బావిలో పడ్డవాణ్ణి తీయడానికి ఒకడు దిగుతాడు, మళ్లీ పైకి రాడు.

“ఇదేం బొమ్మయ్యా, దిక్కుమాలింది!” అన్నాను.

“వాళ్లు యాక్టింగు చెయ్యట్లా, బతుకుతున్నారు. అందుకే జనం ఓర్చుకోలేకపోయారే.”

ఆ ఎండాకాలం నకరికల్లులో మా ఇంట్లో ఉన్న ఆ రీళ్లు జిగురుపట్టాయి. డబ్బా మూత తీస్తే ముక్కు మండే వాసన. ఆ వాసనంటేనే నాకు హడలు. ఆ రీళ్లకు నిప్పు తగిలితే నీళ్లు పోసినా ఆరదని, ఆ గది ఛాయలకు పొయ్యికట్టె కూడా రానిచ్చేవాడు కాదు. చివరికి చల్లగా ఉంటుందని, పెరట్లో ఖాళీగా ఉన్న జొన్నల పాతరలోకి డబ్బాలు దించి, బండ మూసి, మట్టి మెత్తాడు. మామగారికి ప్రార్థనే లోకం, సినిమా అంటే సాతాను పని. అందుకని ఆయనతో “మిషను సామాను” అని మాత్రం చెప్పాడు.

మద్రాసులో ఈయనలాంటి పిచ్చాడే ఒకాయన కాపీ తీయిస్తానన్నాడు. వానలు పడ్డాక పాతర తీశాం. మూసిన పాతరలో విషగాలి ఉంటుంది. ముందు దీపం దించి, అది ఆరకపోతేనే మనిషి దిగాలి. మా ఆయన నిచ్చెన తెచ్చేసరికి మామగారు తాడుకు కట్టిన బుడ్డిదీపం లోపలికి దించుతున్నారు.

“నాన్నా, వద్దు!”

బుస్సుమని మంట మనిషెత్తు లేచింది. మామగారు వెనక్కి పడ్డారు. చేతులు, కనుబొమలు కాలాయి. మట్టి పోశాం, నీళ్లు పోశాం. పసుప్పచ్చని పొగ పొద్దుగూకేదాకా వస్తూనే ఉంది.

మా ఆయన తండ్రి చేతులకు మందు రాస్తూ కూర్చున్నాడు. ఉండబట్టలేక ఆ డబ్బాల్లో ఏముందో నేనే మామగారికి చెప్పి ఏడ్చాను. మామగారు మంచంలోంచి కొడుకుని పిలిచారు.

“ఆ గాలికి నువ్వు చస్తావనే గదరా...” అని, “ఒరేయ్, ఆ బొమ్మలో ఏముందో చెప్పు” అన్నారు.

మా ఆయన మంచంపట్టె మీద కూర్చుని మొదటినుంచీ చెప్పాడు. క్వారీ, కూలీలు, దుమ్ము, దేన్నీ వదల్లేదు. బావి దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

“దిగినోడు పైకొచ్చాడా?” అన్నారు మామగారు.

“వచ్చాడు నాన్నా” అన్నాడు మా ఆయన.