చంద్రగిరి కొండ బాట, క్లచ్ లేని బండి

తిరుపతి స్టేషన్‌లో దిగేటప్పటికి తెల్లవారుతోంది. మే నెల. భుజాన పరుపుచుట్ట, ఒక చేతిలో మగ్గూ పళ్లెం ఉన్న సంచి, రెండో చేతిలో పనిముట్ల పెట్టె. పెట్టె బరువు మణుగు. కాదులెండి, అందులో సగం. చెయ్యి మార్చుకోకుండా బస్సుదాకా మోశానని మాత్రం నమ్మండి.

డెబ్బైల చివరి మాట. నేను సైన్యంలో నాయక్‌ను. బండ్ల మరమ్మతు నా పని. పుట్టింది ఐరాల పక్కన. డ్యూటీ మీద సొంత జిల్లాకు రావడం అదే మొదలు, అదే ఆఖరు. చంద్రగిరి కోట వెనక, కాలేజీ కుర్రాళ్లకు తుపాకీ కాల్చడం నేర్పే శిబిరం. దాన్ని మా ఊళ్లో చాలాకాలం యుద్ధమనే చెప్పుకున్నాను. శత్రువు ఎండ. ఆ ఒక్కటీ అబద్ధం కాదు.

గుడారాలు కింద. కాల్చే చోటు కొండ నడుమ. మధ్యలో బండరాళ్లు, ముళ్లకంప, ఎర్రమట్టి బాట. పైన చుక్క నీరు లేదు. సుబేదారు ఆర్డరు ఒక్కటే: పొద్దున ఆరుకల్లా నీళ్ల డ్రమ్ములు పైన ఉండాలి. మా లారీ ఇరుసు విరిగి దారిలోనే ఆగిపోయింది. అందుకని ఒక పాత పికప్పును బాడుగకు తెచ్చారు.

విదేశీ బండి. మద్రాసులో ఏదో కట్టడం పని ముగించుకుని వెళ్లిపోయిన దొరల దగ్గర, బంగారుపాళ్యం మామిడితోట ఆసామి ఒకాయన కొన్నాడు. దానికి క్లచ్ లేదు. గేర్లు వాటంతట అవే మారతాయి. జిల్లా మొత్తానికి అలాంటిది అదొక్కటే. ఇంకోటి ఉంటే నేను చూడలేదు.

డ్రైవరు మునెప్ప. నాకన్నా పదేళ్లు పెద్ద. పూర్వం లారీ తోలేవాడు. పలమనేరు దగ్గర లారీ బోల్తాపడి ఎడమ కాలు నలిగింది. కాలు మిగిలింది గానీ అందులో బలం లేదు. క్లచ్ తొక్కలేడు. కొన్నేళ్లు తోటలో కాయలకు కాపలా ఉన్నాడు. ఆ ఏటి మామిడి పూత కాలంలో ఆసామి ఈ పికప్పు చేతికిస్తే మళ్లీ డ్రైవరయ్యాడు. లోకంలో అతను తోలగలిగిన బండి అదే.

రెండు రోజులు బాగానే ఎక్కింది. మూడో రోజు ఎండ ముదిరాక, రెండో విడత నీళ్లతో పోతుంటే, సగం బాటలో ఇంజను అరుస్తుంది, చక్రాలు కదలవు. వైర్‌లెస్‌లో పైనున్న కడప సిగ్నలువాడు పిలిచాడు.

“నీళ్లు యాడ? ఓవర్.”

“బండి సగంలో ఉండాది. ఓవర్,” అన్నాను.

“ఈడ మా నాలికలు పూర్తిగా ఎండినాయి. ఓవర్.”

ఆ పూట కుర్రాళ్లు బిందెలు మోశారు.

సాయంత్రం ఆసామి వచ్చాడు. చెడ్డవాడేం కాదు. కాయ కోతకొచ్చింది, గుజ్జు ఫ్యాక్టరీ ఎవరి కోసమూ ఆగదు. తిరుపతి మెకానిక్కూ, చిత్తూరు మెకానిక్కూ గేరుబాక్సులో పట్టునిచ్చే ప్లేట్లు కాలిపోయాయని, తోటలో జారినప్పుడే చెప్పారట. విప్పితే మళ్లీ బిగించేవాడు మద్రాసులోగానీ లేడు. రేపు కూడా ఎక్కకపోతే వేలూరు పాత ఇనుము సాయిబుకు ఇచ్చేస్తానని చెప్పి వంటశాల దగ్గర టీ తాగుతూ కూర్చున్నాడు.

మునెప్ప నా పక్కకొచ్చి బీడీ వెలిగించాడు.

“ఇది పోతే నేను మళ్లా కాయలకాడికే అప్పా. బండి తోలినోణ్ణి, కాకుల్ని తోలాల.”

నేను ఛాతీ విరిచాను. యుద్ధంలో తూటాల వాన కింద ఇలాంటి బాక్సులు పది విప్పి బిగించానన్నాను. విప్పలేదు. శిక్షణ డిపోలో, నిలువునా కోసి రంగులేసి బల్లమీద పెట్టినదాన్ని ఒకసారి చూశాను. వెనక వరసలోంచి. అయినా ఆ మాట వినగానే మునెప్ప ముఖం విప్పారింది. ఇక వెనక్కి తగ్గడానికి లేదు.

విప్పకుండానే కనుక్కోవాలి. ముందు తోలి చూశాను. చల్లగా ఉన్నప్పుడు లాగుతోంది. వేడెక్కి ఎత్తు ఎక్కేటప్పుడు జారుతోంది. కాసేపు ఆపితే మళ్లీ కొంచెం లాగుతోంది. ప్లేట్లు అరిగి ఉంటే, కాసేపు పడుకుని లేచినంత మాత్రాన బాగుపడవు గదా. గేరుబాక్సులో నూనె మట్టం కొలిచే పుల్ల తీసి వాసన చూశాను. మాడు కంపు లేదు. రంగు ఎరుపే, నలుపెక్కలేదు. అంటే లోపల ప్రాణం ఉంది.

మరి నూనె తగ్గిందా? అదీ కాదు. పుల్ల మీద నూనె సరిగ్గా గీత దగ్గర నిలిచింది. మునెప్ప గర్వంగా, రోజూ తానే చూస్తానన్నాడు. పొద్దున్నే బండి తుడిచి, నీళ్లూ నూనే చూసి, టైరు కింద నిమ్మకాయ పెట్టి, కర్పూరం వెలిగించి, అప్పుడు స్టార్టు చేస్తాడు. లారీ రోజుల్లో గురువు నేర్పిన వరుస.

అక్కడ నా బుర్రలో ఏదో కదిలింది.

“నూనె సూసేటప్పుడు ఇంజను ఆడతా ఉంటాదా అన్నా?”

“అదెట్లప్పా? దండం పెట్టకముందే ఇంజను ఎట్ల స్టార్టు జేస్తారు?”

డిపోలో హవల్దారు చెప్పింది ఒకే ముక్క గుర్తుంది: ఈ రకం బండిలో ఇంజను ఆగితే పైనున్న నూనె అడుగు తొట్టిలోకి దిగిపోతుంది, పుల్ల ఎక్కువ చూపిస్తుంది. ఇంజను వేడిగా, తిరుగుతూ ఉండగానే కొలవాలి. బండిని సమంగా నిలిపి, చక్రాలకు రాళ్లు పెట్టి, ఇంజను ఆడిస్తూ గేరు కడ్డీని అన్ని స్థానాల్లోకీ తిప్పి తెచ్చాను. పుల్ల తీశాను. కొసన మాత్రం తడి, అదీ నురగ.

కొత్తలో పుల్ల మీద నూనె గీత దాటి కనిపించేదట. ఎక్కువైందని మునెప్ప రబ్బరు గొట్టంతో లాగేశాడు, గీతకు వచ్చేదాకా. అప్పటినుంచే జారుడు.

అతను మడ్‌గార్డును అరచేత్తో నిమిరాడు.

“అయితే దీన్ని సంపతా ఉండేది నేనేనా?”

“సంపలేదన్నా, పస్తు పెట్టినావు. ఆ నూనె ఏం జేసినావు?”

సీటు వెనకనుంచి డాల్డా డబ్బా తీశాడు. మూతకు గుడ్డ కట్టి ఉంది. “కుంకుమ నీళ్ల మాదిరి ఎర్రగా ఉండాది. పారబోసేకి మనసు రాలే.”

పల్చటి పంచెలో వడగట్టి, ఇంజను ఆడుతుండగానే కొంచెం కొంచెంగా పోశాం. నూనె పుల్ల మీది గీతను అందుకుంది. వరుస మార్చమని చెప్పాను: ముందు కర్పూరం, తరువాత స్టార్టు, ఇంజను వేడెక్కాకే నూనె పుల్ల. దేవుడికి అభ్యంతరం ఉండదని నా హోదా మీద హామీ ఇచ్చాను.

మరునాడు ఆరుకు ముందే పికప్పు నిండు డ్రమ్ములతో బాట ఎక్కింది. మధ్యాహ్నం ఎండలో మళ్లీ ఎక్కింది. కింద సుబేదారు నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తున్నాడు, పక్కన ఆసామి. వైర్‌లెస్ గరగరమంది.

“నీళ్లొచ్చినాయి. బండి ఇంకా పైకి పోతాదేమో ఆపండప్పా. ఓవర్.”

ఆసామి దగ్గర్నుంచి వేలూరు సాయిబుకు కబురు పోలేదు. సుబేదారు నాకు సెల్యూట్ కొట్టాడని మనవళ్లకు చెబుతుంటాను. కొట్టలేదు. టీ గ్లాసు తన చేత్తో ఇచ్చాడు. నాకు పతకాలు వచ్చాయి, వాటికన్నా ఆ టీ ఎక్కువ. పతకాలన్నాను గానీ, ఒకటే.

శిబిరం ముగిశాక మునెప్పే నన్ను తిరుపతి స్టేషన్‌కు దింపాడు. దారిలో నేను ఊరికే కిందికి చూశాను. గేరు దానంతట అది మారిన ప్రతిసారీ, ఒక్క క్షణం ముందు, అతని బలంలేని ఎడమ పాదం కదిలి, క్లచ్ ఉండాల్సిన ఖాళీ చోట నేలను మెత్తగా నొక్కి వదులుతోంది. అతనికి తెలియదు. నేను చెప్పలేదు.

ఆ పాదం ఇప్పటికీ నా కళ్ల ముందు కదులుతూనే ఉంది.